గోడపత్రికలో ఆయమ్మ పేరు

నా చిన్నప్పుడు మా బడి వరండాలో వేలాడిన ఒక గోడపత్రిక గురించి ఇప్పుడు రాయవలసిన పని పడింది. మా బడి పాత విద్యార్థులు ఒక సంచిక వేస్తున్నారు. ఆ పత్రిక మీద అప్పటికే నాలుగు వ్యాసాలు వచ్చాయని నాకు పంపించారు. చదివాను. హైస్కూలు పిల్లల చేత వార్తలు రాయించిన బడి మనదేనని, డెబ్బైలలో పాతబస్తీలో అలాంటి ఆలోచన ఇంకెవరికి వచ్చిందని, అదంతా సాంఘికశాస్త్రం సారు దూరదృష్టి అని రాశారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ నాలుగింటిలోనూ మా బడిలో పనిచేసిన ఆయమ్మ లేదు. ఆ పత్రిక వల్ల నష్టపోయిన మనిషి ఆమె ఒక్కతే. ఆ నష్టం జరిగింది నా చేతి రాతతో. నేను కూడా మంచి మాటలు నాలుగు రాసి ఊరుకుంటే, ఆమె ఆ బడిలో ఎప్పుడూ లేనట్టే అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. ఎందుకన్నది చదివితే తెలుస్తుంది.

మా ఇల్లు కిషన్‌బాగ్‌లో. బాపు బస్సు డిపోలో మెకానిక్కు. అమ్మకు చదువు రాదు. ఇంట్లో అచ్చు అక్షరాలు ఉన్నవి రెండే, గోడకు క్యాలెండరు, డబ్బాల మీద చీటీలు. నా చదువంతా బహదూర్‌పురాలో సైకిల్ షాపు పైన ఉన్న శాఖా గ్రంథాలయంలో జరిగింది. ఒకే గది, మూడు బీరువాలు. ఏం చదవాలో చెప్పేవాళ్లు లేరు కనుక మొదటి బీరువా పై అరలో ఎడమ చివర నుంచి మొదలుపెట్టాను. కోళ్ల పెంపకం చదివాను, గ్రహణాలు ఎందుకు వస్తాయో చదివాను, పాముకాటుకు ప్రథమ చికిత్స చదివాను. తరగతిలో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసన్న గర్వం నడకలో కూడా కనిపించేదని అమ్మ అనేది. రెండో బీరువాలో వార్తలు ఎలా రాయాలో చెప్పే పుస్తకం ఒకటి దొరికింది. మూడుసార్లు చదివి, ముఖ్యమైనవి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు అన్నవి లేకపోతే అది వార్త కాదు, పుకారు అని దాని సారం. పద్నాలుగేళ్ల పిల్లకు అచ్చులో ఉన్నదానికి తిరుగేముంది?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సాంఘికశాస్త్రం చెప్పడానికి కొత్త సారు వచ్చారు. వయసులో ఉన్న మనిషి, హుషారు మనిషి. వరండాలో పెద్ద చెక్కబోర్డు వేయించి, ఇది మీ పత్రిక, మీరే విలేఖరులు అన్నారు. మా బడిలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం రెండూ ఉండేవి కనుక బోర్డు సగం తెలుగుకు, సగం ఉర్దూకు. శనివారం కొత్త కాగితాలు అంటించాలి. తెలుగు వైపు నాకు అప్పగించారు. ఉర్దూ వైపు మా పక్కింటి అమ్మాయికి. ఆమె నాకంటే ఏడాది పెద్ద, కలిసి బడికి నడిచేవాళ్లం.

వాళ్ల నాన్నను నేను చాచా అనేదాన్ని. ఆయన కాతిబ్. ఆ రోజుల్లో ఉర్దూ పత్రికలకు అక్షరాలు పేర్చే పద్ధతి లేదు. వార్తలన్నీ కాతిబులు చేత్తో రాస్తే, ఆ రాతనే అచ్చు తీసేవారు. చాచా చార్మినార్ దగ్గర ఒక పత్రికా కార్యాలయంలో ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. ఆయన వేళ్లకు సిరా మరక శాశ్వతంగా ఉండేది. వారంలో ఒక సాయంత్రం మాకోసం చాప పరుచుకుని కూర్చునేవాడు. నేను నోటుబుక్కు చూసి వార్త చెబుతుంటే, మా ఇద్దరికీ తెలిసిన సగం తెలుగు సగం ఉర్దూ మాటల్లో విని, వెదురు కలంతో చక్కని ఉర్దూలో రాసేవాడు. ఆయనకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నాకు ఉర్దూ మాట వచ్చు, అక్షరం రాదు. అలా ఒకే వార్త రెండు వైపులా అతికేది. ఒక వైపున్నది రెండో వైపు వాళ్లు చదవలేరు. ఆ సంగతి మాకు తమాషాగా ఉండేదే గాని, దానిలో ఏదైనా ప్రమాదం ఉండొచ్చని తోచలేదు.

మొదటి నెల కబడ్డీ పోటీ, పోయిన కంపాస్ బాక్సు, కొత్తగా వచ్చిన భారతదేశం పటం, ఇవే వార్తలు. సారుకు నచ్చలేదు. ఇవి నోటీసులు, వార్తలు కావు అన్నారు. "మీ కళ్ల ముందు ఏం జరుగుతున్నదో రాయండి. ఎవరికీ భయపడకండి. నేనున్నాను" అన్నారు. ఆ మాట పత్రిక పని చేసే మా పది మంది ముందు, తరగతి గదిలో నిలబడి అన్నారు. ఆ నాలుగు వ్యాసాల్లో మూడింటిలో ఈ మాట ఉంది.

నా కళ్ల ముందు ఉన్నది ఒక తాళం. బడి వెనక ఆడపిల్లల కోసం కట్టిన మరుగుదొడ్డి గదులు రెండు ఉండేవి. రెండింటికీ కలిపి బయటి తలుపుకు తాళం. మేము పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టేవాళ్లం కాదు. దగ్గరలో ఇల్లున్న వాళ్లు మధ్యాహ్నం అన్నానికని వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నం మా వరుసలో సగం ఖాళీగా ఉండేది. ఆడపిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదని లెక్కల సారు రోజూ అనేవారు. అసలు కారణం ఆయనకు చెప్పడానికి మాకు సిగ్గు.

ఆ తాళం సంగతి తెలిసిన మనిషి ఆయమ్మ. గదులు ఊడ్చేది, కుండల్లో నీళ్లు నింపేది, గంట కొట్టేది. ఆమెకు తెలియని సంగతి బడిలో లేదు, తెలిసిన సంగతి దాచుకునే అలవాటూ లేదు. ఎవరికి తిట్లు పడ్డాయి, ఏ టీచరమ్మకు సంబంధం కుదిరింది, అన్నీ కుండ కడుగుతూ చెప్పేసేది. మా బోర్డు రాకముందు బడికి పత్రిక ఆమే. పక్కా ఉద్యోగం కాదు. పెద్దసారు, అంటే మా హెడ్‌మాస్టరు, రమ్మన్నన్నాళ్లు వచ్చే రోజుకూలి పని. భర్త పోయాడు, పిల్లలున్నారు. ఇవన్నీ కూడా ఆమే చెప్పింది. నేను నోటుబుక్కు పట్టుకుని వెళ్లి అడిగాను.

"ఏం చెప్పాలె బిడ్డా, తాళంచెవి పెద్దసారు సొరుగుల ఉంటది. ఇన్‌స్పెక్టరు వచ్చేముందు నాతోని కడిగిస్తరు. ఆయన అటు పోంగనే ఇటు తాళం. పోరగాండ్లు ఖరాబ్ చేస్తరంట. మరి గదెందుకు కట్టిండ్రు, సూసి దండం పెట్టుకోనీకా?"

నాకు నవ్వాగలేదు. దండం మాటతో సహా రాసుకున్నాను. ఏంది రాస్తున్నవని అడిగింది. నీ మాట పత్రికలో వేస్తానన్నాను. ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుని నా నోటుబుక్కు వైపు వంగి చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. "నా మాట పేపర్ల ఏస్తవా! గట్లనే మంచిగ ఏయి" అంది. సంతోషించింది. దాన్ని నేను అనుమతి అనుకున్నాను. ఏ పేపరు, ఎవరు చదువుతారు, చదివితే ఏమవుతుంది అని ఆమెకు చెప్పి అడగాలని నా పుస్తకంలో లేదు.

ఆ సాయంత్రం చాచా చాప మీద కూర్చుని వార్త చెప్పాను. ఆయనకూ నవ్వు వచ్చింది, రాస్తూ పోయాడు. ఆయమ్మ పేరు దగ్గరికి రాగానే కలం ఆగింది.

"నామ్ కైకు బేటీ? పేరు నక్కో. బడిల పనిచేసే ఒకరు అంటే చాలు."

"చాలదు చాచా. ఎవరు చెప్పిండ్రో రాయకపోతే అది పుకారు అంటరు. పుస్తకంల ఉంది."

"కితాబ్ రాసినాయనది పక్కా నౌకరీ బేటీ. ఈమెది కచ్చా నౌకరీ."

నేను తగ్గలేదు. పుస్తకంలోని మాటలు ఒకటొకటిగా అప్పజెప్పాను. మీరు వార్తలను అందంగా రాస్తారు చాచా, వార్త అంటే ఏమిటో పుస్తకం రాసినవాళ్లకు తెలుస్తుంది అని కూడా అన్నాను. ఇప్పుడు ఇది కాగితం మీద పెట్టడానికి సిగ్గుగా ఉంది గాని, అన్నాను. పక్కింటి అక్క నన్ను గిల్లింది. చాచా, "అచ్ఛా, తేరీ మర్జీ, నీ ఇష్టం" అని కలం సిరాలో ముంచి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్లతో వాదించి గెలిచానన్న ఉత్సాహంతో ఇంటికి వెళ్లి తెలుగు వైపు కాగితం నేను రాసుకున్నాను. ఆయమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. కింద గీత కూడా గీశాను. అది ఆమెకు నేను చేస్తున్న గౌరవం అనుకున్నాను.

శనివారం అంటించే ముందు సారుకు చూపించాం. ఆయన తెలుగు వైపు మొత్తం చదివారు. పేరు కూడా చదివారు. నా భుజం తట్టి, ఇదీ వార్త అంటే అన్నారు.

సోమవారం పొద్దున బోర్డు ముందు ఎన్నడూ లేనంత గుంపు. ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడి చదువుతున్నారు. దండం మాట దగ్గరికి వచ్చి అందరూ ఒకేసారి నవ్వుతున్నారు. గంట కొట్టడానికి వచ్చిన ఆయమ్మ ఆ నవ్వులు విని, "నా మాటేనా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆమె బడిలో నవ్విన ఆఖరి పూట.

పెద్దసారు వచ్చారు. గుంపు విడిపోయింది. ఆయన పాతకాలం ఉర్దూ చదువుల మనిషి, తెలుగు చదవడం రాదు. ఉర్దూ వైపు నిలబడి నెమ్మదిగా చదివారు. తర్వాత అటెండరును పిలిచి, నువ్వా చెప్పింది అని అడిగారు. వాచ్‌మన్‌ను అడిగారు. ఇద్దరూ కాదన్నారు. ఆయన ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. పేరు ఉంది గదా అనుకున్నాను. అప్పుడు ఆయన ఆఫీసు గుమాస్తాను పిలిచి, తెలుగు వైపు చూపించి, ఇది చదువు అన్నారు. గుమాస్తా గొంతెత్తి చదువుతూ వచ్చి, గీత గీసిన పేరు దగ్గర ఆగి పెద్దసారు ముఖం చూసి, ఆ పేరు చదివాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నన్ను అడుగుతారు, ఆధారాలతో జవాబు చెబుతాను అని ఎదురుచూస్తున్నాను. ఆయన నా వైపు చూడనేలేదు.

మధ్యాహ్నానికి తాళం తీశారు. సాయంత్రానికి కడిగే మనిషిని తీసేశారు. రేపటి నుంచి రావద్దని ఆయమ్మకు గుమాస్తా చేత చెప్పించారు. సారును గదిలోకి పిలిచారు. బయటికి వచ్చి సారే స్వయంగా బోర్డు మీది కాగితాలు పీకి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మా పది మందిని నిలబెట్టి, నేను మీ కళ్ల ముందు జరిగేవి అంటే ఆటలు, పాఠాలు అనుకున్నాను, మీరు హద్దు దాటారు అన్నారు. నేను ఏడుస్తూ, ఆయమ్మను మళ్లీ తీసుకోమని అడగండి సార్ అన్నాను. "మీరు పిల్లలు, తెలియక రాశారని చెప్పి మిమ్మల్ని కాపాడాను. సంతోషించు" అన్నారు. ఆ మాట ఏ వ్యాసంలోనూ లేదు. పత్రిక మాది, పిల్లలమన్న మన్నింపు మాది. ఆయమ్మకు అలాంటిదేదీ లేదు. తర్వాతి శనివారం నుంచి బోర్డు మీద ఆరోగ్య సూత్రాలు, సూక్తులు వచ్చాయి. అందరూ పొగుడుతున్న పత్రిక చాలా ఏళ్లు నడిచింది, అలా.

ఆ రోజు ఇంటికి నడుస్తుండగా పక్కింటి అక్క నెమ్మదిగా చెప్పింది. వాళ్ల అబ్బా ఉర్దూ వైపు ఆయమ్మ పేరు రాయలేదట. బడిలో పనిచేసే ఒకరు అని మాత్రమే ఉందట. అది తనకు ముందే తెలుసట, నేను లొల్లి చేస్తానని చెప్పలేదట. నేను నేరుగా చాచా దగ్గరికి వెళ్లి, మీ వైపు కాపాడుకుని నా వైపు ఎందుకు వదిలేశారని అరిచాను. అమ్మ గోడ అవతల నుంచి వినేంతగా అరిచాను. ఆయన కోప్పడలేదు.

"చెప్పిన గద బేటీ. నువ్వు కితాబ్ మాట విన్నవ్. నీ వైపు ఏం రాసినవో నాకు చదవరాదు. రాసేటప్పుడు నీ చెయ్యి కూడ ఆగుతదనుకున్న."

మర్నాడు ఆయన ఇస్త్రీ షేర్వానీ వేసుకుని పెద్దసారు దగ్గరికి వెళ్లాడు. పెద్దసారు మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారట. ఆయమ్మ సంగతి ఎత్తగానే, అది బడి లోపలి వ్యవహారం అన్నారట. చాచా చాయ్ తాగకుండా లేచి వచ్చాడు. మళ్లీ ఆ బోర్డుకు కలం పట్టలేదు. నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు. చాలా కాలం తర్వాత ఒకసారి మాత్రం, తన పత్రికలో తను వదిలేసిన పేర్ల గురించి చెప్పాడు. ఎడిటరు రాసి పంపినా సరే, కూలివాళ్ల పేరు, ఆడవాళ్ల పేరు వస్తే తన చెయ్యి ఆగేదట, లేచి వెళ్లి, పేరు ఉండాల్సిందేనా అని ఎడిటరును ఒకసారి అడిగి వచ్చేవాడట. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఏ బీరువాలోనూ లేదు.

నెల తిరగకముందే ఆ గదులకు మళ్లీ తాళం పడింది. కడిగేవాళ్లు లేక కంపు కొడుతున్నాయని కారణం. ఈసారి నిజమే.

కొన్ని నెలలకు బహదూర్‌పురాలో జూపార్కు గోడ పక్కన ఆయమ్మ జామకాయల బుట్ట పెట్టుకుని కనిపించింది. నేను గ్రంథాలయానికి వెళ్తున్నాను, చేతిలో పుస్తకాలున్నాయి. ఎట్లున్నవ్ ఆయమ్మా అన్నాను. ఇన్ని నెలలు నోట్లో తిప్పుకున్న క్షమాపణ ఒక్క ముక్క బయటికి రాలేదు. ఆమె నా ముఖం చూసింది, పుస్తకాలు చూసింది.

"అమ్మో, నువ్వు రాస్తవ్ తల్లీ. నీతోని నేను మాట్లాడ."

బడిలో గోడలతో కూడా మాట్లాడిన మనిషి. ఎవరో గిరాకీ వస్తే అటు తిరిగింది. నేను వెళ్లిపోయాను. ఆ రోజు గ్రంథాలయంలో పుస్తకం తెరిచాను గాని ఒక్క పేజీ కదలలేదు.

నేను విలేఖరిని కాలేదు. ప్రైవేటుగా డిగ్రీ కట్టి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. కానీ రాసే పిల్లనన్న పేరు బస్తీలో నిలిచిపోయింది. నల్లా రావడం లేదనో, మురికి కాలువ పొంగుతున్నదనో అర్జీ రాయాలంటే నా దగ్గరికే వస్తారు. రాసింది మొత్తం వాళ్లకు చదివి వినిపిస్తాను. ఇది ఏ టేబుల్ మీదికి వెళ్తుంది, ఎవరు చదువుతారు, చదివినవాడికి కోపం వస్తే ఏమేం చేయగలడు అన్నది విడమరిచి చెప్పి, పేరు ఉంచమంటారా అని అడుగుతాను. కొందరు ఉంచమంటారు. చాలామంది కాసేపు ఆలోచించి వద్దంటారు. ఇంత ఆలస్యమైతే ఎట్లా మేడం అని కుర్రవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇప్పుడు బడుల్లో పిల్లల చేత పత్రికలు నడిపిస్తున్నారని విన్నాను. మంచిదే. నన్ను ఎవరైనా అడిగితే, ముందు నడిపించే సారును అడగమంటాను, వార్త చెప్పినవాళ్లకు మీరేం ఇవ్వగలరు అని. నేనున్నాను అన్న మాట పిల్లలతో అనడం తేలిక.

దీనికి సాయపడిన వాళ్లకు కృతజ్ఞత చెప్పుకోవాలి. పేర్లు లేకుండానే చెబుతాను. మా పక్కింటి అక్క ఉర్దూ వైపు వాక్యాలు జ్ఞాపకం చేసుకుని నాకు ఫోనులో చెప్పింది. మా తమ్ముడు ఆ తాళం ఇత్తడిది కాదు ఇనుపది అని వాదించాడు, ఏదో తేలలేదు, అందుకే రాయలేదు. బహదూర్‌పురా గ్రంథాలయంలో ఇప్పుడున్న అమ్మాయి కూర్చుని రాసుకోవడానికి కిటికీ పక్క బల్ల ఇచ్చింది.

అందరికన్నా ఎక్కువ సాయం చేసింది ఆయమ్మ కూతురు. ఆయమ్మ పోయి చాలా ఏళ్లయింది. వెతుక్కుంటూ వెళ్లిన నన్ను కూతురు లోపలికి రానిచ్చింది. రాసింది మొదటి నుంచి చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా నన్ను ఆపలేదు. జామకాయల బుట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. నీతోని నేను మాట్లాడ అన్న మాటను ఆయమ్మ నవ్వుతూ అందని అక్కడ రాశాను. నాకు యాభై ఏళ్లుగా అలాగే గుర్తు.

"నవ్వలే అక్కా. గప్పుడు నేను అమ్మ పక్కకే కూసున్న. నవ్వలే. మీరు పోయినంక బుట్ట మీద బట్ట కప్పి, ఇంక ఇయ్యాల అమ్మేది లేదన్నది. గా మాట తీసెయ్యిండ్రి."

ఆమె ముందే పెన్ను తీసి కొట్టేశాను. ఆ నవ్వు నేను పెట్టుకున్నదే. ఇన్నేళ్లు దాన్ని ఆసరాగా పట్టుకుని బతికాను. ఇప్పుడు ఆ ముఖం తలుచుకుంటే దాని మీద నవ్వు కనిపించదు. ఉన్నదున్నట్టుగానే ఉంటుంది.